అప్పు తీర్చని ఒప్పుకోలు

క్రైస్తవమతమున పాపక్షమాపణము సులభముగా దొరకునని కొందఱు మెచ్చుకొనుచున్నారు. కొందఱు ఎగతాళి చేయుచున్నారు. మెచ్చువారును వెక్కిరించువారును ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయులే. పాపి దేవునియెదుట గాని గురువునెదుట గాని నోరు తెఱచి తప్పు ఒప్పుకొన్నచో వ్యవహారము అంతటితో ముగిసినదని ఇరుతెగలవారును నమ్ముచున్నారు. ఈ నమ్మకము క్రైస్తవుల గ్రంథమునకే విరుద్ధమని మేము వాదించుచున్నాము.

మొదట మాటలను చూతము. మన తెలుగు కతోలికులు గురువునొద్ద పాపములు చెప్పుకొనుటను పాపసంకీర్తనమందురు. సంకీర్తనమన్నంతనే మనకు తాళములును తంబురయు జ్ఞప్తికి వచ్చును గాని, నోట పలుకుట యనియే ఇచట దాని యర్థము. ప్రొటెస్టంటులు దీనినే ఒప్పుకోలందురు. రెండు మాటలలోను నోటిపనియే గాని చేతిపని లేదు. అయితే మత్తయిసువార్తయందలి పరలోకప్రార్థన తెలుగుపాఠమున పాపమునకు ఋణమను మాటయే వాడబడినది. బాకీదారుడు వచ్చి "అవును, నీకు బాకీయున్నాను" అని కన్నీరు కార్చినంతమాత్రమున పత్రము చింపివేయు షాహుకారును మనమెవ్వరమైన చూచితిమా?

మోషే ధర్మశాస్త్రమున ఈ సందేహమునకు తావే లేదు. సంఖ్యాకాండము అయిదవ అధ్యాయమున, పరునికి నష్టము కలిగించినవాడు తన పాపమును ఒప్పుకొనవలెను, అపహరించినదానిని మరల నిచ్చివేయవలెను, దానిపై అయిదవవంతు అదనముగా చెల్లింపవలెను అని విధింపబడినది. నష్టపడినవాడు చనిపోయినచో అతని బంధువునకు చెల్లింపవలెను. ఒప్పుకోలును చెల్లింపును ఒకే విధిలో చేర్చి చెప్పబడినవి. మన బోధకులు మొదటిదానిని ప్రతి ఆదివారమును బోధించుచున్నారు. రెండవది ఏ ప్రసంగమునను వినబడుట లేదు.

ఇక్కడ దావీదును సాక్ష్యమునకు పిలుచువారు కలరు. ఆయన 51వ కీర్తనలో తాను దేవునికి మాత్రమే అపరాధినని మొఱ్ఱపెట్టెను గదా, నడుమ మనుష్యుల ప్రసక్తి యేల యని వారి వాదము. ఊరియా భార్యను చెఱపట్టి, ఊరియాను యుద్ధమున ముందు నిలిపి చంపించినవాని నోట ఈ మాట వెలువడినదని వారు మఱచుచున్నారు. ఊరియా సమాధిలో నున్నాడు, అతడు "నాకేమి?" అని అడుగలేడు. కాని నాతాను ప్రవక్త గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు, ఆ దొంగ నాలుగంతలు ఇచ్చుకొనవలెనని తీర్పు చెప్పినది దావీదే! తీర్పు పరునిదనుకొన్నంతసేపును ఆయనకు ధర్మము చక్కగా తెలియుచునే యున్నది. క్షమాపణము ప్రకటింపబడిన తరువాతను ఆ యింటిని ఖడ్గము విడువలేదని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

పూర్వకాలపు సంఘము ఈ సంగతిని మనకంటె బాగుగ నెఱిగియుండెను. ఆరవ శతాబ్దమున ఐర్లండునుండి బయలుదేఱి ఐరోపాఖండమున మఠములు కట్టిన కొలంబాను పేరిట ఒక ప్రాయశ్చిత్తగ్రంథమున్నది. అందులో నరహత్యకు పదియేండ్ల దేశాంతరవాసము విధి. అది ముగిసినంతనే హంతకుడు శుద్ధుడైపోడు. స్వగ్రామమునకు తిరిగివచ్చి, హతుని తలిదండ్రులు జీవించియున్నచో వారియెదుట నిలిచి, చచ్చిన కుమారునికి బదులుగా నేనున్నాను, మీరేమి చెప్పిన అది చేసెదనని తన్ను తాను అర్పించుకొనవలెను. అట్లు చేయనివానిని ఎన్నటికిని సంఘమున చేర్చుకొనరాదు. ఆ గ్రంథమున ఉపవాసముల లెక్కలనేకములు కలవు. వానిలో కొన్ని నేడు మనకు నవ్వు పుట్టించును. ఈ విధిని చూచి మాత్రము ఎవ్వడు నవ్వగలడు?

1215లో నాలుగవ లాతెరను సభ, వివేకము వచ్చిన ప్రతి విశ్వాసియు ఏడాదికొక్కమారైన తన గురువునొద్ద పాపములు చెప్పుకొనవలెనని శాసించెను. ఆ రహస్యమును బయటపెట్టిన గురువును పదవినుండి తొలగించి మఠమున మూయవలెననియు విధించెను. అపహరించిన సొమ్ము తిరిగి యీయనివానికి రక్షణము లేదని థామస్ అక్వినాసు అదే శతాబ్దమున వ్రాసెను. కావున కతోలికుల సిద్ధాంతమున లోపమున్నదని మేమనము. లోపమెల్ల ఆచరణముననే. నష్టపడినవాని గడపకు పోవలసిన పాపి గురువు చెప్పిన నాలుగు జపములతో ఇంటికి పోవుచున్నాడు. 1517లో జర్మనీదేశమున టెట్జెలు పాపపరిహారపత్రములు అమ్మినప్పుడు, ఆ రాబడిలో సగము మైంజు ఆర్చిబిషప్పు ఫుగ్గరు షాహుకార్లకు పడిన బాకీక్రింద పోయెను. పాపి పొరుగువానికి పడిన అప్పు నిలువనే నిలిచినది. ఆర్చిబిషప్పు అప్పు మాత్రము తీఱుచుండెను! లూథరు ఆ బేరమును ఖండించెను, మంచిది. అయితే ఆయన పేరు చెప్పుకొనువారు గురువును నడుమనుండి తొలగించిరే గాని, ఆ స్థానమున పొరుగువానిని నిలుపలేదు.

దీని ఫలమెట్టిదో ఒక ఉదాహరణము చాలును. ఆస్ట్రేలియాలోని సంస్థలలో బాలబాలికలపై జరిగిన లైంగికదౌర్జన్యములను విచారింప 2013లో నియమింపబడిన రాయల్ కమిషను 2017లో తుదినివేదిక నిచ్చెను. ఆ దేశముననే, క్వీన్స్‌లాండు రాష్ట్రమున, ఇట్టి నేరములకు శిక్షపొందిన ఒక గురువు, తాను ఇరువదియైదేండ్లలో ముప్పదిమంది గురువులయొద్ద సుమారు 1500 మారులు ఈ పాపమునే ఒప్పుకొంటినని ప్రమాణపత్రమున వ్రాసెను. ప్రతిమారును క్షమాపణము దొరికినది. ప్రతిమారును పాపము మరల జరిగినది. ఆ పిల్లలెవ్వరును ఆ గదిలో లేరు. అట్టి నేరమును తెలుపని గురువుకు ఒప్పుకోలు రహస్యము అడ్డుకారాదని కమిషను సూచింపగా, 2018లో అచటి బిషప్పులు దానిని తిరస్కరించిరి.

రహస్యమును కాపాడుటకు గల కారణములను మేమెఱుగుదుము. వానిని తేలికగా త్రోసివేయము. కాని ఆ ముద్ర గురువు నోటికే గాని పాపి నోటికి లేదు గదా! "నీవు పోయి అధికారులయెదుట నీ నోటితో చెప్పుకొనుము, పిల్లలకు దూరముగా నుండుము, అటుపిమ్మట క్షమావాక్యముకొఱకు రమ్ము" అని ఆ ముప్పదిమంది చెప్పియున్నచో ఏ రహస్యము భంగమగును? పశ్చాత్తాపము కనబడనిచోట క్షమావాక్యమును నిలిపివేయు అధికారము వారికి ఎల్లప్పుడును కలదు.

అంతకంటె క్రూరమైన ఆచారము మఱియొకటి కలదు. చెడ్డవానిని విడిచి, చెడగొట్టబడినవారినే "క్షమింపుము, డెబ్బదిమారులు క్షమింపుము" అని నిర్బంధించుట! మత్తయి పదునెనిమిదవ అధ్యాయమున పేతురు ఆ ప్రశ్న నడుగుటకు ముందే, తప్పుచేసిన సహోదరుని మొదట ఒంటిగా, పిదప సాక్షులతో, తుదకు సంఘముయెదుట నిలదీయవలెనని యేసు చెప్పెను. ఈ బోధకుల పుస్తకములలో ఆ పుట చినిగిపోయినదేమో! లూకా సువార్త పదునేడవ అధ్యాయమునను, మారుమనస్సు పొందిన యెడల క్షమింపుమను షరతు స్పష్టముగా నున్నది. భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన స్త్రీకి క్షమాగుణమును బోధించి పంపివేయు పెద్ద, ఆ భర్తకు ఇంకొక కఱ్ఱ అందించుచున్నాడు.

ఇందుకు భక్తులొక ఆక్షేపణ తెత్తురు: రక్షణము కృపవలన ఉచితముగా లభించునదే, మీరు దానికి వెల కట్టుచున్నారు అని. పరుని సొమ్ము పరునికి ఇచ్చుట వెల యెట్లగును? అది ఏనాడును మనది కాదే! యేసు జక్కయ్య యింటికి ఏ షరతును లేకయే పోయెను. ఆ కృపను చవిచూచిన తరువాతనే జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకనియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలనియు లెక్క చెప్పెను. ఆ యింటికి రక్షణము వచ్చినదని యేసు పలికినది ఆ లెక్క విన్న పిమ్మటనే.

తీర్పరాని అప్పుల మాటయేమి, చచ్చినవానిని ఎవడు తేగలడు అందురు. తేలేడు. అందుకే కొలంబాను గ్రంథము హంతకుని హతుని తల్లి గడపకు పంపినది. ఆమె తలుపు తీయునో తీయదో ఆమె యిష్టము; తీయని యెడల ఆమెను పాపాత్మురాలనుటకు ఎవ్వనికిని అధికారము లేదు.

బలిపీఠమునొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని విధి కలదు గదా. మన జిల్లాలలోని సంఘములలో ప్రభుభోజనమునకు ముందు పాదిరి "మీ పాపములు ఒప్పుకొంటిరా?" అని అడుగుటతో నిలువక, ఎవని గట్టు జరిపితిరి, ఏ కూలిదాని కూలి ఎగవేసితిరి, ఏ విధవరాలి పొలము మీ పేర వ్రాయించుకొంటిరి అని కూడ అడుగవలెను. ఆ ఆదివారము రొట్టె కొంత మిగిలిపోయిన పోవును గాక!