నల్లచొక్కా వేసుకున్న కులపెద్ద

"పాట బాగున్నప్పుడు పాడినవాడి నమ్మకాలతో మనకేం పని?" మన సమావేశాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. సినిమా కవుల గురించి అడిగారు, ఉద్యమ గాయకుల గురించీ అడిగారు. ఈసారి అమలాపురం దగ్గర జరిగిన యువజన శిక్షణ తరగతుల్లో ఒక డిగ్రీ విద్యార్థి అడిగింది మాత్రం నార్వే దేశపు సంగీతకారుడి గురించి. అతని పేరు వర్గ్ వికర్నెస్. 'బుర్జుమ్' అనే పేరుతో రికార్డులు చేశాడు. కొబ్బరితోటల మధ్య పెరిగిన కుర్రాడికి ఆ గొడవ ఎలా అంటుకుందని మనం ఆశ్చర్యపోవచ్చు. ఫోనుకి తోటలూ గోదారీ అడ్డం కావు కదా.

ఆ సంగీతాన్ని 'బ్లాక్ మెటల్' అంటారు. గిటార్లు రంపంతో కలప కోస్తున్నట్టుంటాయి. డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు. పాడేవాడు గొంతు చించుకుని అరుస్తాడు. ముఖాన తెల్లరంగు, కళ్ళచుట్టూ నలుపు, శవంలాంటి వేషం. 1990ల మొదట్లో నార్వేలో దీన్ని మొదలుపెట్టినవాళ్ళంతా దాదాపు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళే. వికర్నెస్ 1973లో బెర్గెన్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన 'క్రిస్టియన్' అనే పేరు వదిలేసి 'వర్గ్' అని మార్చుకున్నాడు. వాళ్ళ పాత భాషలో తోడేలని అర్థం. 'బుర్జుమ్' అంటే చీకటి. ఆ మాట ఒక ఇంగ్లీషు నవలా రచయిత రాక్షసుల కోసం కల్పించిన భాషలోది. రికార్డులకి పెట్టుకున్న మరో పేరు కూడా ఆ నవలలోని రాక్షసుడిదే. తోడేలుతనమంతా పుస్తకాల్లోంచి అరువు తెచ్చుకున్నదన్నమాట.

అరువు వేషమే అయినా దానివల్ల జరిగిన నష్టం నిజమైనది. 1992 జూన్‌లో బెర్గెన్ దగ్గర ఫాన్‌టోఫ్ట్ అనేచోట 12వ శతాబ్దపు కొయ్య చర్చి తగలబడింది. ఆ బూడిద ఫోటోనే అట్టమీద వేసి 1993లో 'ఆస్కె' అనే రికార్డు తెచ్చాడు వికర్నెస్. ఆ మాటకి అర్థం కూడా బూడిదే. మొదట కొన్నవాళ్ళకి సిగరెట్ లైటరు కూడా ఇచ్చారు! ఆ చర్చి విషయంలో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చలేదు గాని, మరికొన్ని చర్చిల దహనం కేసుల్లో నేరం రుజువైంది. 1993 ఆగస్టు 10న ఓస్లోలో, తన రికార్డులు ప్రచురించిన సహచరుడు, 'మేహెమ్' బృందం గిటారిస్టు యూరోనిమస్‌ని కత్తితో పొడిచి చంపాడు. ఆత్మరక్షణ అన్నాడు, కోర్టు నమ్మలేదు. 1994లో 21 ఏళ్ళ జైలు వేశారు, ఆనాడు నార్వేలో అదే గరిష్ఠ శిక్ష. తీర్పు వింటూ అతను నవ్విన ఫోటో ఇప్పటికీ అభిమానులకి ఆరాధ్యమే. 2009లో విడుదలయ్యాడు.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఇద్దరు మగాళ్ళ పోట్లాట దగ్గరే ఆగుతారు. 1992 ఆగస్టులో లిల్లెహామర్‌లో జరిగిన మరో హత్య గురించి తక్కువ మాట్లాడతారు. 'ఎంపరర్' బృందపు డ్రమ్మరు ఒక స్వలింగ ప్రేమికుణ్ణి పొడిచి చంపాడు. 14 ఏళ్ళ శిక్ష పడింది. మొత్తం అనుభవించకుండానే బయటికొచ్చి, తర్వాత అదే బృందంతో మళ్ళీ వేదిక ఎక్కాడు. చనిపోయిన ఆ మనిషి పేరు అభిమానుల్లో ఎంతమందికి గుర్తుంది?

సరే, జైల్లోంచి వచ్చాక వికర్నెస్ ఏం బోధించాడో చూద్దాం. ఫ్రాన్స్‌లో పల్లెటూళ్ళో స్థిరపడ్డాడు. 2013 జూలైలో అక్కడి పోలీసులు ఉగ్రవాద అనుమానంతో అతన్నీ భార్యనీ అరెస్టు చేశారు. దానికి ఆధారాలు దొరకలేదు. కాని యూదుల మీద, ముస్లింల మీద ద్వేషం రెచ్చగొట్టినందుకు 2014లో ఫ్రెంచి కోర్టు ఆరు నెలల శిక్ష, 8,000 యూరోల జరిమానా విధించింది. జైలుశిక్ష అమలుని నిలిపివేసింది. 2019లో యూట్యూబ్ అతని ఛానల్ తీసేసింది. ఏళ్ళ తరబడి అతను చెప్పిన మాటల సారం ఇది: యూరప్ రక్తం మరో రక్తంతో కలవకూడదు, పూర్వీకుల ధర్మానికి తిరిగి వెళ్ళాలి, తెల్లవాళ్ళు ఎక్కువమంది పిల్లల్ని కనాలి.

ఎక్కడో విన్నట్టు లేదూ? దేవుణ్ణి ధిక్కరించి, చర్చిని బూడిద చేసి, లోకాన్ని భయపెట్టిన మహా తిరుగుబాటుదారుడు చివరికి తేలింది ఇక్కడ: వంశం, రక్తం, పిల్లలు. ఈ మాట చెప్పడానికి ముఖానికి రంగెందుకు? మన రచ్చబండ మీద కండువా వేసుకున్న పెద్దమనిషి ఏ గిటారూ లేకుండానే చెబుతున్నాడు. రక్తం కలవకూడదంటే కాపలా కాయాల్సింది ఎవరిని? ఆడదాన్ని. ఆమె ఎవరిని ప్రేమించాలి, ఎవరికి ఎంతమందిని కనాలి అన్నది ఆమె చేతిలో ఉండకూడదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో అంబేద్కర్ తేల్చింది ఇదే. కులం నిలబడేది కులంలోపలి పెళ్ళి మీద. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడిని కాపాడే పద్ధతులు. 2018లో మిర్యాలగూడలో గర్భవతి అయిన కూతురి కళ్ళముందే ఆమె భర్తని కిరాయి మనిషితో నరికించింది కూడా రక్తం పేరుతోనే. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరి, మిగతావారికి యావజ్జీవం వేసింది.

అంబేద్కర్ పేరు తలిస్తే కోనసీమలో నిప్పు గుర్తొస్తుంది. జిల్లాకి ఆయన పేరు పెట్టొద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఆందోళన జరిగి, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ తర్వాత చాలారోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఆ గుంపుకీ నార్వే సంగీతానికీ ఏ సంబంధమూ లేదు. అలా అంటే అబద్ధమవుతుంది. కాని తగలబెట్టడాన్ని మగతనంగా చూసే కన్ను రెండుచోట్లా ఒకటే. మన దగ్గర ఆ కన్నుకి సంగీతమూ ఉంది. కులం పేరు పెట్టి మీసం మెలేసే డీజే పాటలు పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతుంటే ఆడపిల్లలు తలుపులు వేసుకోవడం చూడనివాళ్ళెవరు? వాటి గురించి అడిగినా అదే జవాబు: "బీటు బాగుంది మేడం, మాటలు ఎవరు వింటారు?"

శబ్దం మీద నాకేం పగ లేదు. పెద్దగా అరిచే సంగీతమంతా విషమని తీర్పు చెప్పేస్తే, ఆడపిల్ల గొంతెత్తకూడదన్న పెద్దలకీ మనకీ తేడా ఉండదు. ఇండోనేషియాలో, పశ్చిమ జావాలోని గరుత్ ప్రాంతపు ముగ్గురు ముస్లిం అమ్మాయిలు బడిలో ఉండగానే 2014లో 'వాయిస్ ఆఫ్ బాచెప్రోట్' అనే మెటల్ బృందం పెట్టుకున్నారు. తలకి ముసుగుతోనే గిటార్లు, డ్రమ్ములు వాయిస్తారు. ఊళ్ళో ఎదురైన వ్యతిరేకతకి జవాబుగా, సంగీతం చేసుకోనివ్వమని దేవుణ్ణే అడుగుతూ పాట కట్టారు. 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు. అవే గిటార్లు, అదే హోరు. నిజమైన ధిక్కారం ఎవరిదో మన కుర్రాళ్ళు రెండూ విని చెప్పాలి.

కళనీ కళాకారుణ్ణీ విడదీయమనేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. ఇక్కడ విడదీయనిది అతనే. కాలిన చర్చిని అట్టమీద వేసి అమ్మినవాడు అతను. హత్య, జైలు, నవ్వు అన్నీ కలిసే ఆ పేరుకి గిరాకీ తెచ్చాయి. పాటకి కట్టే డబ్బు ఎవరి జేబులోకి పోతుందో అడగడం నిషేధం కాదు. నిషేధించమని నేను అనడం లేదు. నిషేధిస్తే ఆ నల్లచొక్కాకి ఇంకాస్త మెరుగొస్తుంది.

మన సంఘాలు ఇన్నేళ్ళుగా శిక్షణలన్నీ అమ్మాయిలకే పెడుతున్నాయి: ఎలా జాగ్రత్తపడాలి, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి. కుర్రాళ్ళు ఏం వింటున్నారో, ఎవరి ఫోటో చూసి ముచ్చటపడుతున్నారో మనం అడగనే లేదు. ఆ డిగ్రీ విద్యార్థి తనంతట తనే అడిగాడు కాబట్టి తెలిసింది. రాజోలులోనో కొత్తపేటలోనో వచ్చే తరగతులు పెట్టేవాళ్ళు ఒక పూట కుర్రాళ్ళకే కేటాయించి, వాళ్ళకి నచ్చిన పాటలు వాళ్ళచేతే పెట్టించండి. కులం పాటలూ పెట్టనివ్వండి, అరుపుల పాటలూ పెట్టనివ్వండి. ఒక్కో పాటలో వాళ్ళ అక్కచెల్లెళ్ళకి చోటెక్కడుందో వాళ్ళనే వెతకమనండి.