జీవదయకు బిళ్ళబంట్రోతులు

కుక్కను పెంచేవాడి గోడు వినడానికి ఊళ్ళో నలుగురు దొరుకుతారు. పామును పెంచేవాడి గోడు వినడానికి ఇంట్లోవాళ్ళు కూడా కూర్చోరు. అందువల్లనేమో, ఇంగ్లండులో పాములనూ బల్లులనూ తాబేళ్ళనూ గాజుపెట్టెల్లో పెంచుకునేవారు ఏళ్ళ తరబడి చేస్తున్న ఫిర్యాదును పాముల పిచ్చివాళ్ళ గొణుగుడుగా తోసిపుచ్చడం అక్కడి పెద్దమనుషులకు అలవాటైపోయింది. ఆ ఫిర్యాదులో సగం పస లేనిదని నేనూ ఒప్పుకుంటాను. మిగిలిన సగం మాత్రం పాములకు సంబంధించినది కాదు, న్యాయానికి సంబంధించినది. దాన్ని గురించే ఈ టపా.

వారనేది స్థూలంగా ఇది: మా ఇంటికి తనిఖీకి వచ్చేదీ, మా జంతువులను పట్టుకుపోయేదీ, మామీద కేసు పెట్టి కోర్టుకీడ్చేదీ ప్రభుత్వం కాదు. చందాల మీద నడిచే ఒక ధర్మసంస్థ. అదీ ఎటువంటి సంస్థ? ఇటువంటి జంతువులు మామూలు ఇళ్ళలో పెంచుకోవడానికి తగవని లోకానికి బోధిస్తూ వచ్చిన సంస్థ. మద్యపాన నిషేధ సంఘంవారికి కల్లుదుకాణాల లైసెన్సులు తనిఖీ చేసే పని అప్పగించినట్టుంది గదా వ్యవహారం!

ఆ సంస్థ పేరు ఆర్.ఎస్.పి.సి.ఏ. 1824లో లండనులో ఒక కాఫీ హోటల్లో సమావేశమైన కొందరు దయామయులు దాన్ని స్థాపించారు. 1840లో విక్టోరియా రాణి అనుమతితో పేరు ముందు 'రాయల్' చేరింది. పశువులను హింసించడం నేరమంటూ రిచర్డ్ మార్టిన్ తెచ్చిన చట్టానికి అప్పటికి రెండేళ్ళే వయస్సు. చట్టం ఉంది, అమలుచేసే నాథుడు లేడు. లండను పోలీసు దళం పుట్టింది 1829లో. అంటే పోలీసులకన్నా ముందు ఈ సంఘం మనుషులే సంతల్లో తిరిగి, గుర్రాలను చావబాదే బండివాళ్ళను పట్టి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. ఆనాటికి అది గొప్ప పని. కాదనేవాడు కృతఘ్నుడు. అయితే, ఇల్లు కాలుతున్నప్పుడు బిందె పట్టుకొని పరుగెత్తినవాడి మునిమనుమడు, ఊరికి అగ్నిమాపక కేంద్రం వచ్చిన తరువాత కూడా ఎవరి ఇంట్లోకైనా బిందెతో జొరబడే హక్కు నాకు వంశపారంపర్యమంటే ఏమనాలి? 1985 చట్టంతో ఇంగ్లండు, వేల్సులకు క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు ఏర్పడింది. మరుసటి ఏడు పని మొదలుపెట్టింది. ఆ చట్టమే ఆరో సెక్షనులో, ప్రతి పౌరుడికీ తానే నేరారోపణ చేసి కేసు నడిపే పాత హక్కును అట్టేపెట్టింది. ఆర్.ఎస్.పి.సి.ఏ. నిలబడ్డది ఆ హక్కు మీదనే. చట్టం దృష్టిలో ఆ సంస్థకూ, పక్కింటివాడి మీద కేసు వేసే సుబ్బారావుకూ తేడా లేదు.

కానీ సుబ్బారావు యూనిఫారం వేసుకొని రాడు.

ఇక్కడే మాటల గారడీ ఒకటుంది. 2006 నాటి జంతు సంక్షేమ చట్టంలో 'ఇన్‌స్పెక్టర్' అనే మాటకు నిర్వచనం ఉంది: ప్రభుత్వమో స్థానిక సంస్థో నియమించిన వ్యక్తి. బాధలో ఉన్న జంతువును స్వాధీనం చేసుకొనే అధికారం పద్ధెనిమిదో సెక్షను ప్రకారం ఆ ఇన్‌స్పెక్టరుకూ, పోలీసుకూ ఉంది. ఆర్.ఎస్.పి.సి.ఏ. కూడా తన ఉద్యోగులను ఇన్‌స్పెక్టర్లనే పిలుస్తుంది. చట్టం చెప్పే ఇన్‌స్పెక్టర్లు వీరు కారు. ముదురు నీలం దుస్తులు, భుజాల మీద బిళ్ళలు, చీఫ్ ఇన్‌స్పెక్టరు, సూపరింటెండెంటు అంటూ పోలీసు హోదాల పేర్లు. చూసినవాడు ఏమనుకుంటాడు? మన తాతల కాలంలో కలెక్టరు కచేరీ బిళ్ళబంట్రోతును చూసి ఊరు ఊరంతా లేచి నిలబడేదట. బిళ్ళలో అధికారం లేదు, చూసేవాడి భయంలో ఉంది. అయినా ఆ బంట్రోతుకు బిళ్ళ ఇచ్చినది సర్కారే.

తలుపు తట్టిన ఆ నీలం దుస్తుల మనిషిని లోపలికి రావద్దనే హక్కు తనకుందని ఎంతమంది గృహస్థులకు తెలుసు? నివాసగృహంలోకి వారంటు లేకుండా జొరబడే అధికారం ఈ చట్టం కింద నిజమైన ఇన్‌స్పెక్టరుకే లేదు, ఇక వీరికెక్కడిది? పెంపకందారుల ప్రధాన ఆరోపణ ఇదే: తెలియక తలుపు తీశాం, భయపడి జవాబులు చెప్పాం, 'జంతువును మాకు రాసిచ్చేస్తే మీకే మంచిది' అంటే సంతకం పెట్టాం. పోలీసును వెంటబెట్టుకొని వచ్చినప్పుడు చట్టబద్ధంగా స్వాధీనం చేసుకొనేది ఆ పోలీసే అయినా, ఏది పట్టుకోవాలో చెప్పేది మాత్రం సంస్థ మనిషి.

సరే, ఇవన్నీ కుక్కల విషయంలోనూ ఉన్నవే గదా, పామువాడి ప్రత్యేక బాధ ఏమిటి అని మీరడగవచ్చు. ఉంది. బక్కచిక్కిన కుక్కను చూస్తే, కుంటే గుర్రాన్ని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పాము బాధ పాముకే తెలియాలి. అక్కడి ఇళ్ళలో చాలా ఎక్కువగా పెంచే రాయల్ పైథాన్‌ను తీసుకోండి. పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చిన చిన్నజాతి కొండచిలువ అది. ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి ఎలుకను ముట్టకుండా ఉండగలదు. తెలియనివాడి కాగితంలో అది 'ఆహారం లేక మాడుతున్న జంతువు'. కుబుసం విడిచే ముందు దాని ఒళ్ళు మసిబారి, కళ్ళమీద పాలపొర కమ్ముతుంది. కొద్ది రోజుల్లో తేటపడుతుంది. ఆ మధ్యలో ఫోటో తీస్తే గుడ్డిదైపోయిన రోగిష్టి పాము కనిపిస్తుంది. ఇరుకుగా, చీకటిగా ఉన్న గూడు మనకు చెరసాల, ఈ పాముకు రక్షణ. సరిగ్గా దీనికి ఎదురు పొరపాటు కూడా జరుగుతుంది: బొద్దుగా, కదలకుండా, బుద్ధిగా ఉన్నట్టు కనిపించే బియర్డెడ్ డ్రాగన్ అనే తొండజాతి జంతువుకు అతినీలలోహిత దీపం లేక, సున్నం చాలక లోపల ఎముకలు మెత్తబడిపోతూ ఉండవచ్చు. దయ ఉన్నంత మాత్రాన ఇది కంటికి కనబడదు, చదువు కావాలి. చట్టం చూస్తే, జంతువు బాధపడుతోందని ధ్రువపత్రం ఇవ్వడానికి పశువైద్యుడైతే చాలునంటుంది. సరీసృపాలు తెలిసిన పశువైద్యుడే కావాలని అనదు. కుక్కలకూ పిల్లులకూ సూదులు వేసే వైద్యులు వీధికొకరు. పాములు తెలిసినవారు కొద్దిమంది.

ఆ పత్రం మీద పట్టుకుపోయిన జంతువు విచారణ ముగిసేవరకూ మరెక్కడో ఉంటుంది. దాని తిండీ బసా ఖర్చు యజమాని నెత్తిన పడవచ్చు. నెలలు గడిచేకొద్దీ ఆ పద్దు పెరుగుతూంటే, నిర్దోషినని చివరిదాకా పోరాడే ఓపిక ఎందరికుంటుంది? కేసు గెలిస్తే సంస్థ పత్రికలకు ప్రకటన పంపుతుంది, ఆ వార్త చదివి దాతలు చందాలు పంపుతారు. నేనిక్కడ దురుద్దేశం అంటగట్టడం లేదు. ఒకే చేతితో ప్రచారం, దర్యాప్తు, జంతువు సంరక్షణ, నేరారోపణ, చందా వసూలు చేస్తున్నప్పుడు ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది అప్రస్తుతమంటున్నాను. దేవుడే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నా ఆ అమరిక తప్పే.

ఈ మాట పాములవాళ్ళు మాత్రమే అన్నది కాదు. 2012లో ఒక నక్కలవేట బృందం మీద ఈ సంస్థ నడిపిన కేసులో నేరం రుజువైంది. జరిమానాలన్నీ కలిపి ఏడువేల పౌండ్లకు లోపు, కేసు నడపడానికి సంస్థ పెట్టిన ఖర్చు దాదాపు 3,27,000 పౌండ్లు. ఆ గగ్గోలు తరువాత సంస్థే కోరగా స్టీఫెన్ వూలర్ అనే అనుభవజ్ఞుడైన న్యాయవాది పరిశీలన జరిపి 2014లో నివేదిక ఇచ్చాడు. కేసులు నడపడం మానమనలేదు గాని, జవాబుదారీతనం చాలదన్నాడు. 2016లో పార్లమెంటు సభ్యుల సంఘం ఇంకో అడుగు ముందుకు వేసి, కేసు పెట్టడంలో ఈ సంస్థ ముందువరుస నుండి తప్పుకోవాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటుంది? పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతున్నప్పుడు! చివరకు 2021లో సంస్థే, నేరారోపణ పనిని క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసుకు అప్పగించే ఉద్దేశం తనకుందని ప్రకటించింది. పామువాడు చెబితే గొణుగుడైన మాట, సంస్థ నోట రాగానే దూరదృష్టి అయింది.

సంస్థను సమర్థించేవారి వాదం ఒకటి బలమైనది, దాన్ని దాటవేయను. 'వీరు తప్పుకుంటే మూగజీవాలకు దిక్కెవరు?' అంటారు. నిజమే. ఈ చట్టం స్థానిక సంస్థలకు కేసు పెట్టే అధికారం ఇచ్చింది గాని, పెట్టి తీరాలనే బాధ్యత మోపలేదు. పోలీసులకు తీరిక లేదు. కానీ ఇది ధర్మసంస్థ గొప్పతనానికి రుజువా, సర్కారు బద్ధకానికి రుజువా? 2021లోనే అదే పార్లమెంటు, అనవసర బాధ కలిగించే నేరానికి గరిష్ఠ శిక్షను ఆరు నెలల నుండి ఐదేళ్ళకు పెంచింది. ఒక మనిషిని ఐదేళ్ళు జైలులో పెట్టగల నేరాన్ని విచారించి కోర్టుకు తెచ్చే పని మాత్రం చందాలకు వదిలేయడమేమిటి?

పోనీ వేరే దారి లేదా అంటే, సరిహద్దు దాటితే చాలు. స్కాట్లండులోనూ ఇటువంటి సంస్థే ఉంది. దాని ఇన్‌స్పెక్టర్లకు అక్కడి 2006 చట్టం కింద ప్రభుత్వమే అధికారమిస్తుంది. కనుక వారి బిళ్ళ నిజమైన బిళ్ళ. దర్యాప్తు చేసి నివేదిక పంపడంతో వారి పని సరి. కేసు నడపాలా వద్దా అనేది ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే సర్కారీ న్యాయాధికారి తేలుస్తాడు. అతడికి చందాలతో పని లేదు. స్కాట్లండు జంతువులేమీ అనాథలు కాలేదు.

ఇక పెంపకందారులకు నా వంతు రెండు మాటలు. అయ్యా, మీ సంఘాలవారు ఒక చెంప 'మాకే శాస్త్రం తెలుసు' అంటూ, మరో చెంప బీరువా అరల్లో ప్లాస్టిక్ సొరుగులు పేర్చి, ఒళ్ళు చాపుకొనే చోటు కూడా లేకుండా పదుల సంఖ్యలో పాములను ఉంచి పిల్లలు చేయించి అమ్మేవారిని వెనకేసుకువస్తే మీ మాట ఎవరు నమ్ముతారు? జంతువు సహజంగా మెలగడానికి వీలుండాలని 2006 చట్టం చెప్పింది పాముకు కూడా. ఇరుకు గూడు దాక్కోవడానికి కావాలి నిజమే. బతుకంతా దాంట్లోనే వెళ్ళదీయడానికి కాదు. తనిఖీ చేసేవాడు తగడు అని వాదించండి, తనిఖీయే తగదనకండి. ఈ రెండూ కలగలపడం వల్లనే మీ న్యాయమైన మాట కూడా గాలికిపోతోంది.

మన దేశం సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం రక్షించే నాగుపామునో నక్షత్ర తాబేలునో ఇంట్లో పెట్టుకోవడమే నేరం కాబట్టి, మంచిగా పెంచాడా చెడ్డగా పెంచాడా అనే ప్రశ్న పుట్టదు. పంచమికీ చవితికీ కోరలు పీకి, నోరు కుట్టి వీధుల్లో తిప్పే నాగులను విడిపించడానికి తిరిగే మన స్వచ్ఛంద సంస్థలవారు మెచ్చదగినవారు. అయితే వారు సాధారణంగా అటవీశాఖ సిబ్బందిని కలుపుకొని వెళ్తారు. కేసు కట్టేది ఆ శాఖ. మామూలు పౌరుడు తానే ఫిర్యాదుతో కోర్టుకెళ్ళాలంటే ఆ చట్టమే ముందుగా అరవై రోజుల నోటీసు ఇమ్మంటుంది. అమలు ఎంత అధ్వాన్నమైనా, ఈ ఒక్క విషయంలో కాగితం మీద మన ఏర్పాటు తెల్లవాడి ఏర్పాటుకన్నా తిన్ననిది.

అదే చట్టంతో పాముతోళ్ళ వ్యాపారం మూతబడి, తమిళనాడులో ఇరుళులు పని పోగొట్టుకున్నారు. వారిని నేరస్థులుగా తరుముతూ కూర్చోకుండా, 1978లో మద్రాసు దగ్గర రోములస్ విటేకర్ తోడ్పాటుతో వారిచేత ఒక సహకార సంఘం పెట్టించారు. అటవీశాఖ అనుమతించిన లెక్క ప్రకారం నాగులనూ కట్లపాములనూ పింజరులనూ పట్టి తెస్తారు, కొద్ది వారాలు ఉంచి విషం తీస్తారు, తిరిగి అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందుకు ఆ విషమే ముడిసరుకు. 2023లో ఆ ఇరుళులలో ఇద్దరికి, మాసి సడైయన్‌కూ వడివేల్ గోపాల్‌కూ, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.