మత్తు మాన్పించే పొడి కొరకు వెతకవద్దు

“అయ్యా, అన్నంలో తెలియకుండా కలిపి పెట్టేందుకు ఏదైనా చూర్ణము ఉంటే ఇప్పించండి. తెలిస్తే వాడు ముట్టడు.” పదిహేను, పదహారేండ్ల పిల్లల తల్లిదండ్రులు మా వంటి వైద్యులను అడిగే మొదటి మాట ఇది. ఒకప్పుడు ఈ మాట భర్త త్రాగుడుతో విసిగిన ఇల్లాలి నోట వినబడేది. ఇప్పుడు కన్నతల్లి నోట వినబడుచున్నది. గోడల మీద, బస్సుల వెనుక, నేడు సెల్‌ఫోనులలోను ‘వారం రోజులలో మత్తు మాన్పించే ఆయుర్వేద పొడి’ అనే ప్రకటనలు కనిపించుట వలన, అటువంటిదొకటి మన శాస్త్రములో ఉన్నదని చాలామంది నమ్ముచున్నారు.

లేదు. చరకములో మదాత్యయ చికిత్సకు ఒక పూర్తి అధ్యాయమే ఉన్నది. చికిత్సా స్థానములో ఇరువది నాల్గవది. సుశ్రుతుని ఉత్తర తంత్రములో పానాత్యయ ప్రతిషేధమున్నది. వాగ్భటుడు నిదానములోను, చికిత్సలోను దీనిని విచారించినాడు. రోగికి తెలియకుండా మందు పెట్టి అలవాటు మాన్పించుమని ఈ ప్రకరణములలో ఎక్కడను లేదు. రాజయక్ష్మ చికిత్సలో, అలవాటు లేని మాంసమును వేరొక పేరు చెప్పి పెట్టవచ్చునని చరకుడన్న మాట నిజమే. అది చిక్కి శల్యమైన శరీరమును పోషించుటకు. ఇక్కడ చికిత్స చేయవలసినది మనస్సుకు. మోసముతో మనస్సుకు చికిత్స జరుగదు.

వయస్సు విషయము మొదట తెలిసికొనవలెను. విమాన స్థానములో చరకుడు బాల్యమును ముప్పది ఏండ్ల వరకు లెక్కించినాడంటే విన్నవారు నవ్వుతారు. పదహారేండ్ల వరకు ధాతువులు పరిపక్వము కానివనియు, ఆ పిమ్మట ముప్పది వరకు ధాతువులు వృద్ధి పొందుచున్నను మనస్సు చాలవరకు నిలకడ లేనిదిగా ఉండుననియు ఆయన నిర్ణయము. నేటి వైద్యులు పిల్లల మెదళ్ళను ఎమ్మారై యంత్రముతో ఏండ్ల తరబడి చిత్రించి చెప్పుచున్నది కూడ దీనికి దగ్గరగానే ఉన్నది. మెదడులో అన్ని భాగములు ఒకేసారి పండవు. సుఖమును కోరే భాగము, ఉద్వేగమును పుట్టించే భాగము పన్నెండు, పదమూడేండ్లకే చురుకెక్కును. నుదుటి వెనుక ఉండి ‘ఆగు, ఆలోచించు’ అనే భాగము మాత్రము ఇరువది అయిదేండ్ల ప్రాంతము వరకు పరిణతి పొందుచునే ఉండును. ముకుతాడు వేయకముందే గిత్తకు బలము వచ్చినట్లన్నమాట. పదహారేండ్ల పిల్లవాడు తెలిసి తెలిసి తప్పు చేయుచున్నాడని తండ్రి మండిపడును. వానికి తెలియుట నిజము. తెలిసినదానిని ఆ క్షణములో పట్టి నిలుపగల శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడలేదన్నదియు నిజము. మన వారు ధీ, ధృతి, స్మృతి అని మూడింటిని విడదీసి చెప్పినది ఇందుకే. పిల్లవానిలో ధీ ఉన్నది, ధృతి తక్కువ.

ఆ వయస్సులో మెదడు తనను తాను కత్తిరించుకొనుచుండును. మల్లెపొదకు అదనపు కొమ్మలు తీసినట్లు, వాడని నాడీ సంబంధములు తొలగిపోవును, మరల మరల వాడినవి బలపడును. పద్యము నేర్చిన పిల్లవానికి పద్యము, ఆట నేర్చినవానికి ఆట అందుకే జీవితాంతము నిలిచిపోవును. మత్తు కూడ అట్లే నిలిచిపోవును. ఇంకొక సంగతి. ఆకలి తీరినప్పుడు, ఆటలో గెలిచినప్పుడు, స్నేహితుడు మెచ్చుకొన్నప్పుడు మెదడులో డోపమైన్ అనే ద్రవ్యము ఊరును. ‘ఇది మరల కావలె’ అనే గుర్తును అది వేయును. సారా, గంజాయి, నికోటిన్, మత్తు మాత్రలు ఈ ద్రవ్యమును సహజమైన సంతోషములకంటె ఎక్కువగా, వేగముగా ఊరించును. ఆ పోటుకు తట్టుకొనలేక మెదడు తన గ్రాహకములను తగ్గించుకొనును. అప్పుడు అమ్మ చేసిన గుత్తివంకాయ కూరలో రుచి ఉండదు, క్రికెట్టులో సరదా ఉండదు, చదువులో పట్టు ఉండదు. ‘వీడికి దేనిమీదను ఇష్టము లేకుండ పోయినది’ అని తల్లులు చెప్పేది ఈ స్థితినే. దీనిని సోమరితనమని తిట్టుట వలన ప్రయోజనము లేదు. కొన్ని నెలల విరామము దొరికితే ఆ రుచి చాలవరకు తిరిగివచ్చును. లేత మెదడు త్వరగా చెడునన్నమాట ఎంత నిజమో, బాగుపడుటకు దానికి అవకాశము ఎక్కువన్నది అంత నిజము.

చరకుడు మద్యమునకు పది గుణములు చెప్పి, అవి ఓజస్సు యొక్క పది గుణములకు సరిగా విరుద్ధములని చూపినాడు. ఓజస్సు గురువు, శీతము, మృదువు, స్థిరము, స్నిగ్ధము. మద్యము లఘువు, ఉష్ణము, తీక్ష్ణము, వేగముగా వ్యాపించునది, రూక్షము. ఓజస్సు ఇంకా చేరుచున్న వయస్సులో దానిని హరించే వస్తువు పడితే నష్టము పెద్దవారికంటె ఎక్కువగుట సహజమే గదా.

ఇప్పుడు పిల్లల చేతికి అందుచున్నవి ఏవి? సారాయొకటే అనుకొనే తండ్రులు ఇంకా ఉన్నారు. 2019లో కేంద్ర ప్రభుత్వము కొరకు ఢిల్లీలోని ఎయిమ్స్ వారు వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారము, పీల్చే మత్తుల వాడకము పెద్దలలో 0.58 శాతముండగా, పది నుండి పదిహేడేండ్ల పిల్లలలో 1.17 శాతముగా ఉన్నది. పెద్దలకంటె పిల్లలలో ఎక్కువగా కనిపించినది ఈ ఒక్క తరగతియే. అవి ఏమిటనుకొన్నారు? వైట్నరు, పంక్చరు సొల్యూషను, పెట్రోలు. ఇంటిలో, పుస్తకాల సంచిలో ఉండేవే. పీల్చిన ఆ పూటనే గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చును. ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2019లోనే చట్టము నిషేధించినది. అయినను పెన్నువలె కనిపించే ఆ గొట్టములు దొంగచాటుగా వచ్చుచునే ఉన్నవి.

గంజాయి చాక్లెట్ల సంగతి నాకు మరింత బాధ కలిగించును. హైదరాబాదు పరిసరములలో పోలీసులు పట్టుకొన్న అటువంటి సరుకులో కొన్నింటిపై ‘ఆయుర్వేద ఔషధము’ అనే ముద్ర ఉన్నది. అజీర్ణమునకు మంచిదని వాటి మీద వ్రాసి పాన్ దుకాణములలో అమ్మినారు. విజయ, అనగా భంగాకు, మన ఔషధములలో ఉన్నమాట నిజమే. కాని అది ఔషధ నిబంధనలలోని ‘ఇ1’ షెడ్యూలులో విషద్రవ్యముల పట్టికలో ఉన్నది. వైద్య పర్యవేక్షణలో తప్ప వాడరాదని సీసాపై అచ్చువేయవలెను. కిళ్ళీకొట్టులో పిల్లవానికి అమ్మేవాడు ఏ వైద్యుడు? మన శాస్త్రము పేరుతో జరిగే ఈ వ్యాపారమును అందరికంటె ముందు ఆయుర్వేద వైద్యులే గట్టిగా ఖండించవలెనని నా అభిప్రాయము. చాలామంది ఊరకున్నారు. గంజాయి ఆకే గదా, ప్రకృతి సిద్ధమే గదా అనే పిల్లలకు కూడ ఒక మాట. ఉమ్మెత్తయు ప్రకృతి సిద్ధమే. లేత వయస్సులో గంజాయి మొదలుపెట్టినవారికి జ్ఞాపకము, ఏకాగ్రత దెబ్బతినును. కుటుంబములో మతిభ్రమణము ఉన్నవారికి అది బయటపడే ప్రమాదము పెరుగును.

ఇక ఆ పొడులు. లోపల ఏమున్నదో వ్రాయని పొట్లమును ఏ వైద్యుడును ఇవ్వరాదు, ఏ తల్లియు పెట్టరాదు. మద్యము మాన్పించుటకు అల్లోపతిలో డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉన్నది. అది తీసుకొన్నవాడు త్రాగితే శరీరములో విషద్రవ్యము పేరుకొని ముఖము కందును, వాంతులగును, రక్తపోటు పడిపోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. అందువలన రోగికి అన్నీ చెప్పి, అతడు ఒప్పుకొన్న తరువాతనే ఇవ్వవలెనని ఆ వైద్యుల నియమము. అటువంటిది పొడిలో ఉన్నదో లేదో తెలియక అన్నములో కలిపితే ఆ పాపమెవరిది? పైగా ఒకనాడు పిల్లవానికి సంగతి తెలియును. ఆనాటి నుండి తల్లి వడ్డించిన కంచమును కూడ అనుమానముతో చూచును. వానిని ఒడ్డుకు చేర్చగలిగినది ఆ నమ్మకమొకటే. దానిని పోగొట్టుకొని ఏ ఔషధము తెచ్చినను పనిచేయదు.

తలుపు గొళ్ళెము పెట్టి ఒక్కసారి మాన్పించుట మరియొక తెలియనితనము. 2015లో తెలంగాణ జిల్లాలలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా నిలిచినప్పుడు, ఆ కల్లుకు అలవాటు పడినవారు మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు చేరిరి. అందులో కలుపుచుండిన అల్ప్రజోలమ్ వంటి మత్తుమందు హఠాత్తుగా ఆగిపోవుటయే కారణము. హితము కాని అలవాటును పాదాంశ క్రమముతో, నాల్గవ వంతు చొప్పున మానిపించి, ఆ చోట హితమైనదానిని నింపుచు, నడుమ రోజులు విడిచిపెట్టుచు పోవలెనని చరకుడు సూత్ర స్థానములో చెప్పినాడు. టీలు, నిద్ర మేల్కొనుట, సెల్‌ఫోను వంటివాటికి ఈ క్రమమును ఇంటిలోనే పాటించవచ్చును. సారా, నిద్రమాత్రలు, నల్లమందు జాతి మందుల విషయములో మాత్రము ఈ తగ్గింపు ఆసుపత్రి వైద్యుని చేతిలోనే జరుగవలెను. చేతులు వణకుట, చెమటలు, నిద్ర పూర్తిగా పోవుట, లేనిది కనిపించుట, మూర్ఛ కనబడితే కషాయములు కాచుచు కూర్చొనక వెంటనే తీసికొని పోవలెను. ఇది చెప్పుటకు ఆయుర్వేద వైద్యునిగా నాకు ఏ చిన్నతనమును లేదు.

మన వైద్యము బలముగా పనిచేసేది ఆ గండము గడచిన పిమ్మట. అప్పుడు పిల్లవానికి ఆకలి, నిద్ర, ఓపిక మూడును తిరిగి కుదరవలెను. ఖర్జూరాది మంథము ఇందుకు చక్కనిది. గింజ తీసిన ఖర్జూరము, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు, ఉసిరిక, కొద్దిగా చింతపండు దంచి, నాలుగింతల చల్లని నీటిలో నానబెట్టి, కవ్వముతో చిలికి వడగట్టి పగటిపూట ఇవ్వవచ్చును. పిమ్మట పాలు. మద్యము వలన క్షీణించినవానికి పాలు హితమని చరకుడు చెప్పుటకు కారణము, పాల గుణములు ఓజస్సు గుణములతో కలియుటయే. వారమునకు రెండు మారులు నువ్వులనూనెతో తలకు, పాదములకు మర్దనము, సున్నిపిండితో స్నానము. ఇవి వ్యసనమును మాన్పించేవి కావు. శరీరమును నిలబెట్టేవి మాత్రమే. సరస్వతి ఆకు లేహ్యము మొదలైనవి వైద్యుని చూచి వాడుకొనవలెను. ఒక్క హెచ్చరిక: ఆసవారిష్టములలో పులియుట వలన సహజముగా మద్యాంశము ఉండును. త్రాగుడు మానుచున్న పిల్లవానికి బలమునకని అశ్వగంధారిష్టము పోయవద్దు. మదాత్యయమునకు శ్రీఖండాసవము చెప్పబడియున్నను, నేను దానిని కౌమారములోనివారికి ఇవ్వను.

అన్నిటికంటె ముఖ్యమైనది సత్వావజయము, అనగా అహితమైన వాటి నుండి మనస్సును మరలించుట. తండ్రి ప్రతి ఆదివారము స్నేహితులతో సీసా పెట్టుకొని కూర్చొనుచు, కొడుకును మానమనుట సత్వావజయము కాదు. బావమరదుల ముందు, పెళ్ళిళ్ళలో వాని సంగతి ఎత్తుట కాదు. మరల ఒకనాడు జారితే ‘నీవు బాగుపడవు’ అనుటయు కాదు. జారుట ఈ రోగపు నడకలో ఉన్నదే, జ్వరము తిరుగబెట్టినట్లు. జారినప్పుడు తల్లిదండ్రులకు తానే వచ్చి చెప్పగల పిల్లవాడు సగము బాగుపడినట్లే. ఖాళీయైన సాయంత్రములను ఏదో ఒకదానితో నింపవలెను. పరుగు, ఈత, మృదంగము, చివరకు తాతగారి వెంట తోటపనియైనను సరే. ఆడపిల్లల విషయములో దాచుట ఇంకా ఎక్కువ. సంబంధములు చెడునని మూడేండ్లు దాచి, చికిత్సకు ఆలస్యముగా వచ్చుచున్నారు. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రుల పేర్లు మన వాడుకలో వేళాకోళపు మాటలైనవి. ఆ వేళాకోళము ఎందరి పిల్లలకు చికిత్సను దూరము చేసినదో లెక్కలేదు.

పోలీసుల భయముతో దాచేవారు తెలిసికొనదగిన సంగతి ఒకటి కలదు. 1985 నాటి మత్తుమందుల చట్టములోని 64ఎ సెక్షను, కొద్ది పరిమాణముతో పట్టుబడిన అలవాటుపడినవాడు ప్రభుత్వ గుర్తింపు గల చోట స్వయముగా చికిత్సకు చేరి దానిని పూర్తి చేస్తే, కేసు నుండి రక్షణ ఇచ్చుచున్నది. పిల్లలకు మత్తు ఇచ్చినవానికి 2015 నాటి బాలల న్యాయ చట్టము ఏడేండ్ల వరకు కఠిన కారాగారమును విధించును. విద్యాలయమునకు నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టము. వీధిలో వీటిని అమలు చేయించుట తల్లిదండ్రుల సంఘములు చేయగల పని. సలహా కొరకు 14446, మనోవేదన కొరకు టెలీ మానస్ 14416 నంబర్లకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

వైద్యుని వద్దకు వచ్చేటప్పుడు పిల్లవానిని ఇంటిలో ఉంచి, మందు మాత్రము తీసికొని పోవుటకు రావద్దు. ఎందుకు వచ్చుచున్నామో వానికి ముందే చెప్పి, వెంటబెట్టుకొని రండి. వచ్చిన తరువాత మొదటి పావుగంట మీరు వెలుపలి బల్లమీద కూర్చొని, వానిని ఒంటరిగా మాటలాడనివ్వండి.