ఇంట కూర్చుకొను కంప్యూటరు: భాగముల పొత్తు

ఇటీవల మన పై తరగతుల బాలురును, కొందఱు బాలికలును, దుకాణమున సిద్ధముగా నుండు యంత్రమును కొనక, భాగములను వేఱువేఱుగా తెప్పించి యింటిలోనే డెస్క్‌టాప్ కంప్యూటరును కూర్చుకొనవలెనని ఉత్సాహపడుచున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్లయందును ఈ ఉత్సాహము కనబడుచున్నది. తల్లిదండ్రులలో కొందఱు దీనిని పిల్లల యాటగా తలంచి కసరుచున్నారు. మఱికొందఱు అడిగినంత సొమ్ము చేతిలో పెట్టి యూరకున్నారు. ఈ రెండును సరికాదని నా యభిప్రాయము. ఇది చేయదగిన పనియే. కాని సొమ్ము చెల్లింపక మునుపు నేర్చుకొనవలసిన దొకటి కలదు. అది స్క్రూలు బిగించుట కాదు; ఏ భాగమునకు ఏ భాగము పొసగునో తెలిసికొనుట.

శిక్షణ కళాశాలలో మాకు మొదట చెప్పిన సూత్రము, తెలిసినదాని నుండి తెలియనిదానికి విద్యార్థిని నడిపింపుమని. కావున రైలుతో నారంభించెదను. గద్వాల మీదుగా కర్నూలునకు పోవు ఇనుపదారి నిజాము కాలము నుండి మీటరు గేజి. అనగా పట్టాల నడిమి యెడము 1000 మిల్లీమీటర్లు. గత శతాబ్దపు చివరి దశకమున దానిని బ్రాడ్ గేజిగా మార్చగా ఆ యెడము 1676 మిల్లీమీటర్లయ్యెను. పాత ఇంజనునందు లోపము లేదు, క్రొత్త పట్టాలయందును లోపము లేదు. అయినను ఆ యింజను ఆ పట్టాలపై నొక యడుగైనను కదలజాలదు. కంప్యూటరు కూర్చువారు పడు చిక్కులలో పెక్కు ఈ జాతివే. భాగము చెడ్డది కాదు, జత చెడ్డది.

అసలు వేఱువేఱు కంపెనీల భాగములు ఒకచోట కలియుటయే యొక విశేషము. 1981 లో ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును బజారున దొరకు భాగములతోనే నిర్మించి, దాని యమరికను ఇతరులకు తెలియునట్లు ప్రకటించెను. అందువలననే యితరులును దానికి సరిపడు భాగములను చేయ మొదలిడిరి. 1995 లో ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. అను కొలతను నిర్ణయించెను. నేటికిని మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలదైనచో అది ఏ.టి.ఎక్స్.; నాలుగు వైపులను 244 అయినచో మైక్రో ఏ.టి.ఎక్స్.; 170 అయినచో మినీ ఐ.టి.ఎక్స్. పెద్ద క్యాబినెట్టులో చిన్న బోర్డు సాధారణముగా పట్టును, చిన్న క్యాబినెట్టులో పెద్ద బోర్డు పట్టదు. కొలత విషయమున ఇంతకన్న చెప్పవలసినది లేదు.

చిక్కంతయు ప్రాసెసరు కడ నున్నది. మనవారు దుకాణమునకు పోయి “ఐ5 కావలెను” అని యడుగుదురు. ఐ5 అనునది యింటిపేరు వంటిది. ఒక్క యింటిపేరు గలవారందఱు ఒక్క తరమువారు కారు గదా! 2013 లో వచ్చిన నాలుగవ తరము ఐ5 కూర్చుండు పీట ఎల్.జి.ఏ. 1150, దానికి డి.డి.ఆర్. 3 మెమరీ. 2021 చివర వచ్చిన పండ్రెండవ తరము ఐ5 నకు ఎల్.జి.ఏ. 1700, దానికి డి.డి.ఆర్. 4 గాని డి.డి.ఆర్. 5 గాని. ఈ రెండింటికి పేరు దక్క మఱియే పొత్తును లేదు. ఇంతకన్న మోసకరమైన దొకటి కలదు. ఆఱవ, ఏడవ తరముల ప్రాసెసర్లకును, ఎనిమిదవ, తొమ్మిదవ తరముల వానికిని పీట పేరు ఒక్కటే: ఎల్.జి.ఏ. 1151. చూచుటకు చక్కగా కూర్చుండును. కాని ఎనిమిదవ తరపు ప్రాసెసరును ఏడవ తరపు బోర్డుపై నుంచినచో యంత్రము మేల్కొనదు. బోర్డునందలి చిప్‌సెట్టు వేఱు. పట్టినంత మాత్రమున పని చేయునని యనుకొనరాదు.

ఏ.ఎం.డి. కంపెనీవారి ఏ.ఎం.4 పీట ఈ విషయమున మేలైనది. 2017 లో మొదటి రైజెన్ ప్రాసెసర్లతో ప్రసిద్ధికి వచ్చిన ఆ పీట మీదనే 2020 లో వచ్చిన 5000 వరుస ప్రాసెసర్లును కూర్చుండును. అయితే పాత బోర్డు క్రొత్త ప్రాసెసరును గుర్తింపవలెనన్న దాని బయోసును సరిక్రొత్తగా మార్పింపవలెను. అది దుకాణములోనే చేయించుకొని రావలెను గాని యింటికి వచ్చిన పిమ్మట తలపట్టుకొనరాదు. 2022 లో వచ్చిన ఏ.ఎం.5 పీటకు డి.డి.ఆర్. 5 మెమరీ తప్ప మఱియొకటి చెల్లదు. డి.డి.ఆర్. 4, డి.డి.ఆర్. 5 రెండింటికిని 288 పిన్నులే యున్నను నడిమి గంటు చోటు వేఱు. బలవంతముగా నొక్కిన పిల్లలు గలరు. విఱిగినది వేలు కాదు, బోర్డు. ల్యాప్‌టాప్ మెమరీ పొట్టిది; అది డెస్క్‌టాప్ బోర్డున పట్టదు. మెమరీ వెలలు 2025 చివరి మాసములలో మిక్కిలిగా పెరిగినవి, ఏలయన కృత్రిమ మేధ కొఱకు కట్టుచున్న గొప్ప యంత్రశాలలు దానిని విస్తారముగా కొనుచుండెను. కాబట్టి ఈ భాగమున పొరపాటుపడినచో నష్టము మునుపటికన్న హెచ్చు.

ఇక అక్షరముల సంగతి. దీనికొఱకే నేను ఈ వ్యాసమును వ్రాయ బూనితినన్నను తప్పు లేదు. గద్వాల ప్రక్కపల్లెలో నొక బాలికకు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనవలెనని కోరిక. తల్లి పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి పోవునది. సాయంకాలము మొగ్గలను వలిచి, మఱునాటి యుదయమున పూవు పూవునకును పుప్పొడి అద్దు ఆ పని యెంత యోర్పుతో కూడినదో మన ప్రాంతమువారికి నేను చెప్పనక్కఱలేదు. ఆ కూలిలో మిగిల్చినదియు, తండ్రి వలసపోయి పంపినదియు కలిపి ముప్పదివేలకు లోపడిన సొమ్ముతో నగరమందలి యొక దుకాణమున భాగములను కొనిరి. ప్రాసెసరు ఐ3 12100 ఎఫ్. బోర్డు దానికి తగినదే, మెమరీ తగినదే. అన్నియు కూర్చి మీట నొక్కగా ఫ్యాను తిరిగెను, దీపము వెలిగెను, తెఱ మాత్రము నల్లగా నుండెను.

ఆ చివరి “ఎఫ్” అను నక్షరమునకు అర్థము, ఈ ప్రాసెసరునందు బొమ్మను తెఱకు పంపు గ్రాఫిక్స్ భాగము లేదు, వేఱుగా కార్డు కొనవలెను అని. ఆ యక్షరము లేని 12100 లో ఆ భాగమున్నది. అక్షరము వలన మిగిలినది రెండు మూడు వేల రూపాయలు. దుకాణదారుడు ఫోనులో “కార్డు వేయవలెనమ్మా” అనగా, వారు అప్పుచేసి యొక పాత గ్రాఫిక్స్ కార్డును కొనిరి. దానికి ఆఱు పిన్నుల విద్యుత్తు తీగ కావలెను. క్యాబినెట్టుతో ఊరక యిచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. నందు ఆ తీగ లేదు. ఎవరో హార్డ్ డిస్కు తీగకు అతుకు వేసి తగిలింపగా కొంతసేపటికి కాలిన వాసన వచ్చెను. తుదకు పాలిటెక్నిక్కులో చదువు దూరపు బంధువొకడు వచ్చి, కార్డును అమ్మించి, ఎఫ్ ప్రాసెసరును మార్పించి, క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. వేసినంతట యంత్రము నడచెను. పది వారములు గడచినవి. ఆ బాలికకు సెలవులును గడచిపోయినవి.

ఇందు దుకాణదారుని దోషమెంత, కొనువారి దోషమెంత యని నేను తూచ దలచుకొనలేదు. అతడు అబద్ధమాడలేదు, వీరడుగలేదు. కాని అడుగవలసినది యిదియని చెప్పువారు మన పల్లెలలో నెవరున్నారు? కంప్యూటరు పాఠమనగా నిర్వచనములను కంఠస్థము చేయించి, మౌసు బొమ్మను గీయించి మార్కులు వేయుచున్నంతకాలము, ఆ తల్లి కూలి సొమ్మును కాపాడగల విద్యను మనము చెప్పినట్లు కాదు.

ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 ప్రాసెసర్లలో అక్షరము వ్యతిరేకముగా నుండును. రైజెన్ 5 5600 జి లో గ్రాఫిక్స్ కలదు. “జి” లేని 5600 లో లేదు. ఒక కంపెనీలో అక్షరముండుట లోటు, ఇంకొక దానిలో లేకుండుట లోటు! అందుచేత పేరును చివరి యక్షరము వఱకు చదువవలెను.

ఎస్.ఎం.పి.ఎస్. విషయమున మనవారి లోభము నాకు బోధపడదు. వేలు పోసి ప్రాసెసరు కొందురు. వానికన్నిటికి అన్నము పెట్టు పెట్టెను మాత్రము “ఊరక వచ్చినది చాలును” అందురు. పైని 500 వాట్లని చీటీ యంటించినంతనే లోన నంత శక్తి యుండదు. లెక్క చేసి చూడుడు. ఐ3 12100 అత్యధికముగా వాడునది 89 వాట్లు. కార్డు లేనిచో యంత్రమంతయు 150 వాట్లు దాటుట యరుదు. పేరుగల కంపెనీవారి 400 లేక 450 వాట్ల పెట్టె చాలును. ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు ఒక్కటియే 170 వాట్లు త్రాగును. దానికి 550 వాట్ల పెట్టె కావలెనని చేసినవారే చెప్పిరి. పిన్నుల తీగలన్నియు కలవా యని కొనుటకు ముందే లెక్కింపవలెను. జూరాల జలవిద్యుత్కేంద్రము మన దాపుననే యున్నను, బోరు మోటార్లన్నియు నొక్కమాఱు తిరుగు వేళ పల్లెలో 230 వోల్టులు నిలుచునని యెవరు చెప్పగలరు? కావున యూ.పీ.ఎస్. విలాసవస్తువు కాదు. ఎర్తు లేని మూడు పిన్నుల సాకెట్టు మఱియొక వంచన. క్యాబినెట్టును తాకగా చేయి జివ్వుమన్నచో ముందుగా ఎలక్ట్రీషియనును పిలువుడు.

ఎండకాలమున మన మూడు జిల్లాలలోను 40 డిగ్రీలు దాటుట వింత కాదు. వేడి మితిమీఱినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. ముందు భాగమంతయు అద్దముతో మూసి, రంగుదీపములు వెలుగు క్యాబినెట్టు మన యూరికి తగదు. జాలి గలది తగును. (దీపములు లేనిచో కంప్యూటరే కాదను బాలురకు నేను చెప్పగలిగినదేమియు లేదు.) కూలరు ఎత్తును, కార్డు పొడవును క్యాబినెట్టు కొలతలతో సరిచూచుకొనవలెను. ఎం.2 ఎస్.ఎస్.డి. లలో సాటా, ఎన్.వి.ఎం.ఈ. అని రెండు తెగలు. చూపున కించుమించుగా నొక్కటే. బోర్డు ఏది పట్టునో చీటీలో వ్రాసియుండును.

కొందఱు పెద్దలు, కార్యాలయములలో వాడి విడిచిన యంత్రము చౌకగా దొరకుచుండగా ఈ ప్రయాస యెందుకని యడుగుదురు. ఆ మాటలో కొంత న్యాయము కలదు. వ్రాతపనికి, చదువునకు అట్టి యంత్రము చాలును. అయితే పెద్ద కంపెనీల కార్యాలయ యంత్రములలో ఎస్.ఎం.పి.ఎస్. తీగలును, బోర్డు ఆకృతియు తఱచుగా వారి సొంత కొలతలే. ఒకటి చెడినచో బజారులోని భాగము దానికి పొసగదు. మఱియు విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14 తో ముగిసినది. విండోస్ 11 నకు ఇంటెల్ ఎనిమిదవ తరము లేక తరువాతిది కావలెనని వారి నియమము. నాలుగవ తరపు యంత్రమును కొనువారు లినక్సు వేసికొనుటకు సిద్ధపడి కొనవలెను. ల్యాప్‌టాపు కొనుడందురు మఱికొందఱు. వసతిగృహములో నుండువానికి అదియే తగును. ఇంటనుండు పిల్లకు మాత్రము, ఒక భాగము చెడినచో ఆ యొక్క భాగమునే మార్చుకొనగల యంత్రము మేలు.

గద్వాల చీర మనకు తెలియనిదా? నూలు వంటికి పట్టు అంచును, పట్టు కొంగును కలుపు ఆ నేతకు 2010 లో భౌగోళిక గుర్తింపు లభించినది. నూలు గుణము వేఱు, పట్టు గుణము వేఱు. నేతగాడు వాని కలయికను మగ్గము మీద పడిన తరువాత ఆలోచింపడు. పోగుల లెక్క ముందే కుదిరియుండును. మన పిల్లలును సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బస్సెక్కక మునుపే కాగితము మీద కంప్యూటరును కట్టి ముగింపవలెను. తొలుత చేయవలసిన పని యేదో, తరువాత దానికి చాలిన ప్రాసెసరు, దాని పీట గల బోర్డు, బోర్డు చెప్పిన మెమరీ, వీనియన్నిటి వాట్లు, తుదకు క్యాబినెట్టు. బోర్డు చేసిన కంపెనీవారు ఏ ప్రాసెసర్లు, ఏ బయోసుతో పనిచేయునో పట్టిక నుంచుదురు, అది యుచితము. పీసీ పార్ట్ పిక్కర్ అను సాధనమును పొసగని జతలను కొంతవఱకు పట్టి చూపును, కాని మన బజారు ధరలకు దానిని నమ్ముకొనరాదు.

మన పాఠశాలలో మూలబడిన యంత్రములు కలవు. పదవ తరగతివారికి నెలకొక శనివారము వానిని విప్పించి, బోర్డు మీద నున్న సంఖ్యలను వ్రాయించి, ఏ మెమరీ దేనికి పట్టదో చేతితో చూపవలెనని నా కోరిక. చెడిన బోర్డు చెడిపోవునను భయము లేదు గదా. 1959 లో వనపర్తి రాజప్రాసాదమున నెలకొల్పిన పాలిటెక్నిక్కులో చదివిన మన పూర్వవిద్యార్థులు ఒకపూట వచ్చినను చాలును.

కొనునపుడు “ఐ3, 8 జీబీ, 500 జీబీ” అని మూడు ముక్కలు వ్రాసి యిచ్చు చీటీని తీసికొనకుడు. ప్రతి భాగము పేరును చివరి యక్షరముతో సహా, క్రమసంఖ్యతో బిల్లుమీద వ్రాయించుకొని, పెట్టెలను పాఱవేయక అటక మీద నుంచుడు. ఇంటెల్ వారు పెట్టెతో నమ్ము ప్రాసెసరునకు మూడు సంవత్సరముల హామీ కలదు.