మీటరు చెప్పని లెక్క

నగరవాసి కంటికి విద్యుత్తు నిర్మలమైనది. మీట నొక్కగానే దీపం వెలుగుతుంది, పంకా తిరుగుతుంది. పొగ లేదు, మసి లేదు. ఒకప్పటి హైదరాబాదు వాసులకు ఈ భ్రమకు తావు లేదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నెలకొల్పిన థర్మల్ కేంద్రం నగరం నడుమనే పొగ వదిలేది. నేడు ఆ కేంద్రం లేదు. నగరపు దీపాల కోసం బొగ్గు 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రామగుండంలోను, మరికొన్ని చోట్లను మండుతున్నది. వెలుగు ఒకరికి, బూడిద మరొకరికి దక్కుతున్నాయి.

ఒక యూనిట్ విద్యుదుత్పత్తిలో వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ ఎంతో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణించి ప్రకటిస్తుంది. దేశపు సగటు సుమారు 0.7 కిలోలు. నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబం ఖాతాలో 140 కిలోలు చేరుతాయన్నమాట. పూర్వం దక్షిణ గ్రిడ్‌కు వేరే అంకె ఉండేది. 2013 డిసెంబరు 31న అది తక్కిన దేశపు గ్రిడ్‌తో అనుసంధానమైన తరువాత అందరికీ ఒకే అంకె వాడుకలోకి వచ్చింది.

ఒకే అంకె సులభమే గాని, అది చాలా సత్యాన్ని మరుగుపరుస్తుంది. బొగ్గుతో పుట్టిన యూనిట్‌కు దాదాపు ఒక కిలో వాయువు వెలువడుతుంది. శ్రీశైలంలో నీటితోనో, అనంతపురం ఎండతోనో పుట్టిన యూనిట్‌కు ఉత్పత్తి వేళ ఏమీ వెలువడదు. ఎండ కాసే మధ్యాహ్నం కార్యాలయంలో నడిచిన ఏసీ, వేసవి రాత్రి పడకగదిలో నడిచిన ఏసీ మీటరులో సమానమే. గాలిలో సమానం కావు. కరెంటు పోగానే అపార్టుమెంట్లలో మోగే డీజిల్ జనరేటరు సంగతి ఆ మీటరుకు అసలే తెలియదు.

గ్రిడ్ చెరువు వంటిదనీ, కాలువలన్నీ కలిసిన తరువాత ఏ చెంబెడు నీరు ఏ కాలువదో చెప్పలేమనీ కొందరి వాదన. నిజమే. కాని ఏ వేళ ఏ కాలువ ఎంత పారిందో చెప్పవచ్చును గదా! లోడ్ డిస్పాచ్ కేంద్రాలు రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి సరఫరాను చూసుకుంటూనే ఉన్నాయి. బ్రిటన్‌లో 2017లో మొదలైన ఇటువంటి గణన అరగంటకొకసారి వెలువడుతూ, తరువాత 14 ప్రాంతాలకు వేర్వేరుగా విస్తరించింది. గాలిమరలున్న ఉత్తర స్కాట్లాండుకూ, గ్యాసు కేంద్రాలున్న దక్షిణ వేల్సుకూ ఒకే దినాన ఎంత తేడా ఉంటుందో అక్కడి సామాన్యుడు సైతం చూడగలడు.

నగర సగటులో మరొక అన్యాయం ఉన్నది. రెండు బల్బులు, ఒక పంకాతో గడిపే బస్తీ ఇంటికీ, గదికొక ఏసీ ఉన్న భవంతికీ అది ఒకే పేరు పెడుతుంది. పొదుపు చేయండని అందరికీ ఒకే గొంతుతో చెప్పడం అందువల్లనే. పేటవారీగా, గంటవారీగా లెక్క తీస్తే ఆ మాట ఎవరితో, ఏ వేళ చెప్పాలో తెలుస్తుంది. అది కొన్ని పేటలవారికి రుచించకపోవచ్చు. అయినా నెలనెలా వచ్చే బిల్లులో యూనిట్ల పక్కన ఇంకొక గడి చేర్చడం డిస్కములకు పెద్ద భారమేమీ కాదు.