సెల్ఫ్ తీసేసిన బండికి ఏ బ్యాటరీ వెయ్యాల?

సెల్ఫ్ మోటారు చెడిపోయిన పాత బండ్లు మన లైన్ ఇళ్ళ ముందర ఎన్నో నిలబడి ఉండాయి. బాగుచెయ్యను పోతే వేలల్లో అడుగుతారు. సింగానల్లూరు నుంచి ఒకమ్మ అడిగినారు: “మావాడు రెండో షిఫ్ట్ ముగిసి అర్ధరాత్రి ఇంటికి వచ్చే బండి అది. సెల్ఫ్ వద్దు, కిక్కరే చాలు అంటాడు. చిన్న బ్యాటరీ వేస్తే దుడ్డు మిగులుతాదా?”

మిగులుతాదమ్మా. అయితే అన్ని బండ్లకూ కాదు. చిన్నదంటే ఎంత చిన్నది అనే దాంట్లోనే చిక్కంతా ఉండాది.

ముందు ఏ బండికి కుదరదో చెప్తాను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 మోటారుసైకిళ్ళల్లో ఎక్కువవాటికి కార్బురేటర్ తావున ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటాది. ట్యాంకు లోపల పెట్రోలు పంపు, దాన్ని నడిపే కంప్యూటరు డబ్బా, అన్నిటికీ కరెంటు కావాల. బ్యాటరీ నీరసిస్తే ఎంత కిక్ కొట్టినా పెట్రోలే రాదు. ఆ బండికి కంపెనీ చెప్పిన బ్యాటరీనే వెయ్యండి, చిన్నదానికి ఆశపడవద్దు. ఇంకొకటి, కొన్ని బండ్లకు కిక్కరే ఉండదు. బయట కడ్డీ తగిలిస్తే సరిపోదు, ఇంజన్ లోపల దాని షాఫ్టు, పళ్ళచక్రం ఉండాల. అవి లేకుంటే ఈ మాట అంతటితో వదిలెయ్యండి.

కార్బురేటర్ బండి, కిక్కర్ ఉండాది అంటే పని సులువే. పెద్ద బ్యాటరీ ఎందుకు పెట్టినారు? సెల్ఫ్ కోసమే. మిల్లులో రింగ్ ఫ్రేమ్ మోటారు ఆన్ చేసేటప్పుడు కరెంటు ఎట్ల గుంజుతాదో చూసిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తిరగడం మొదలుపెట్టే ఆ ఒక్క గడియలో, తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు లాగుతాది. సెల్ఫ్ మోటారూ అంతే. ఇంజన్‌ను తిప్పే రెండు మూడు సెకన్లలో పదుల ఆంపియర్లు కావాల. సెల్ఫ్ పోతే ఆ బరువూ పోతాది. మిగిలేది హారన్, ఇండికేటర్, బ్రేక్ లైటు. కొన్ని బండ్లకు హెడ్‌లైటూ ప్లగ్గుకు పొయ్యే నిప్పూ కూడా బ్యాటరీ మీదనే.

ఆ ‘కొన్ని బండ్లు’ మనదా కాదా అని తెలుసుకోవడమే అసలు పని. ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, హెడ్‌లైటు స్విచ్ వెయ్యండి. వెలగలేదంటే హెడ్‌లైటు మ్యాగ్నెటో మీద నేరుగా పోతా ఉండాది. వెలిగిందంటే బ్యాటరీ మీద ఉండాది. ప్లగ్గు నిప్పు సంగతి మెకానిక్‌నే అడగండి: “సీడీఐకి కరెంటు మ్యాగ్నెటో నుంచి వస్తాదా, బ్యాటరీ నుంచి వస్తాదా?” వైరు చూసి చెప్పగలడు. చెప్పలేకపోతే వేరే మెకానిక్‌ను చూసుకోండి. పాయింట్ సెట్ ఉండే పాత బుల్లెట్‌లో కాయిల్ బ్యాటరీ కరెంటే తింటాది. బ్యాటరీ చచ్చిందంటే కాలు అరిగేదాకా తన్నాల్సిందే.

ఇప్పుడు లెక్క చూస్తాం. 12 వోల్టుల బండిలో 35 వాట్ల హెడ్‌లైటు దగ్గర దగ్గర 3 ఆంపియర్లు తింటాది. 21 వాట్ల బ్రేక్ లైటు పావు తక్కువ రెండు. ఇండికేటర్ వెలిగినప్పుడు అంతే. హెడ్‌లైటు మ్యాగ్నెటో మీద ఉంటే, సిగ్నల్‌లో ఒక నిమిషం బ్రేక్ పట్టుకొని నిలబడినా బ్యాటరీకి పొయ్యేది చిటికెడు. ఆ బండికి 2.5 ఏహెచ్ చాలు. హెడ్‌లైటూ నిప్పూ బ్యాటరీ మీద ఉంటే మాత్రం 2.5 వెయ్యవద్దు. రాత్రి సిగ్నల్ సిగ్నల్‌కీ నిలిచి ఇంజన్ మెల్లగా తిరుగుతా ఉంటే మ్యాగ్నెటో ఇచ్చేది తక్కువ, తినేది ఎక్కువ. అన్నీ కలిసి 5 ఆంపియర్లు పోతే 2.5 ఏహెచ్ బ్యాటరీ లెక్క ప్రకారం అరగంట. నిజానికి అంత కూడా రాదు. ఒండిపుదూరు దాటి చీకటి రోడ్డులో, వెనక లారీ వచ్చేటప్పుడు బ్రేక్ లైటు ఆరిపోతే మిగిల్చిన దుడ్డు ఏం చేసుకుంటారు? అట్లాంటి బండికి 5 ఏహెచ్ వెయ్యండి. 9 ఏహెచ్ తీసిన తావున 5 పెడితే డబ్బాలో సందు మిగులుతాది, రబ్బరు ముక్కలు దట్టంగా కుక్కి బెల్టు బిగించాల. అదురుకు లోపలి సీసపు ప్లేట్లు రాలిపోతాయి.

మదురై హార్వీపట్టి నుంచి ఒక తమ్ముడు, “బ్యాటరీ తీసేసి కెపాసిటర్ పెడితే ఏమి?” అని అడిగినాడు. బండి పోతాది, నిప్పు మ్యాగ్నెటో నుంచి వస్తే. మన కలంగల్ జి.డి. నాయుడుగారు హోటల్లో పనిచేసి కూడబెట్టిన దుడ్డుతో తెల్లదొర దగ్గర కొని, విప్పి, మళ్ళీ బిగించి పని నేర్చుకున్న రడ్జ్ మోటారుసైకిల్‌కు కూడా నిప్పు మ్యాగ్నెటోదే. ఆ కాలంలో అవినాశి రోడ్డులో ఇన్ని బస్సులు లేవు, ఇండికేటర్ వేసేదీ లేదు. కెపాసిటర్ కరెంటును సమం చేస్తాది గాని దాచిపెట్టదు. ఇంజన్ ఆగితే హారన్ లేదు, లైటు లేదు. పొలం గట్టు మీద తిరిగే బండికి సరే, షిఫ్ట్‌కు పొయ్యే బండికి నేను ఒప్పుకోను.

ఉక్కడం పాత ఇనుము అంగళ్ళల్లో కంప్యూటర్ యూపీఎస్‌లోంచి తీసిన 7 ఏహెచ్ బ్యాటరీ అగ్గువగా దొరుకుతాది. కొందరు అదీ వేస్తారు. అది కదలకుండా మూల కూర్చొనేదానికి చేసింది, గుంతల రోడ్డుకు కాదు. పైగా ఎన్నేళ్ళు వాడి పారేసినదో ఎవరికి తెలుసు.

కొత్తది వేసే ముందర రెగ్యులేటర్ చూడాల. మల్టీమీటర్ పెట్టి, ఇంజన్ కొంచెం రేస్ చేస్తే బ్యాటరీ కొనల దగ్గర పద్నాలుగు, పద్నాలుగున్నర వోల్టులు చూపాల. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. పెద్ద బ్యాటరీ ఆ పోటును కొన్నాళ్ళు ఓర్చుకుంటాది. చిన్నది చిన్న గిన్నెలో నీళ్ళ మాదిరి తొందరగా మరిగిపోతాది. “చిన్న బ్యాటరీ ఆరు నెలలకే పోయింది” అనే వాళ్ళు ముందు ఇది చూసుకోవాల.

యాసిడ్ పోసే రకం కొంటే అంగట్లో పోసి వెంటనే చేతికిచ్చేస్తారు. తీసుకొని పరుగెత్తవద్దు. ఏహెచ్‌లో పదో వంతు కరెంటుతో, అంటే 5 ఏహెచ్‌కు అర ఆంపియర్‌తో, నిదానంగా ఛార్జ్ చేసి ఇవ్వమనండి. సాయంత్రం ఇచ్చి పొద్దున తెచ్చుకోండి. తరువాత నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాల. సిరువాణి నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నా కొళాయి నీళ్ళు బ్యాటరీకి పనికిరావు. పక్కన ఉండే సన్న ట్యూబును చైను మీదికి, ఫ్రేము మీదికి వదలవద్దు, యాసిడ్ ఆవిరికి ఇనుము తినిపోతాది.

సెల్ఫ్‌కు పొయ్యే లావు వైరును ఊరికే కత్తిరించి వేలాడగట్టకండి. రిలే దగ్గర నుంచే పూర్తిగా తీసెయ్యమనండి. ఆ కొన ఫ్రేముకు తగిలితే పెట్రోలు ట్యాంకు కిందనే నిప్పు రేగుతాది. మెయిన్ ఫ్యూజు మాత్రం తియ్యకూడదు, చాలా బండ్లకు అది ఆ రిలే పక్కనే ఉంటాది, మరిచిపోయి దాన్నీ పీకేస్తారు. సెల్ఫ్ మోటారును విప్పేస్తే ఆ బొక్కకు మూత వేసి సీల్ పెట్టాల, లేకుంటే కొన్ని ఇంజన్లల్లో ఆయిల్ కారుతాది. చెడిన మోటారునే ఆ తావులో వదిలేస్తే ఏ తంటా లేదు.

పాత బ్యాటరీని అంగట్లోనే ఇస్తే కొత్తదాని రేటులో తగ్గిస్తారు. యాసిడ్‌ను కాలవలో ఒంపి, సీసం తూకానికి అమ్మేవాళ్ళు మన వీధుల్లోనూ ఉండారు. పిల్లకాయలు ఆడుకునే తావు అది. ఒంపకుండా, విప్పకుండా, నిలువుగా పట్టుకొని పోయి ఇచ్చేయండి.