కొంగకు తెలిసిన కాలము

యిర్మీయా ప్రవక్త తన గ్రంథము 8వ అధ్యాయములో దేవుని ప్రజలను గద్దిస్తూ ఒక పక్షిని సాక్ష్యానికి పిలుస్తాడు. ఆకాశంలో ఎగిరే కొంగకు కూడా తన కాలము తెలుసు గాని, ఈ ప్రజలకు తమ దేవుని న్యాయవిధి తెలియలేదని ఆయన వేదన. మన తెలుగు బైబిలులో ఆ పక్షిని సంకుబుడి కొంగ అన్నారు.

దాని చుట్టము ఒకటి మన కరువు సీమకు ఏటేటా వస్తుంది. చిలమత్తూరు మండలంలోని వీరాపురం ఒకప్పుడు అనంతపురం జిల్లాలోది. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. సంక్రాంతి రోజులు వచ్చేసరికి ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీద వాలతాయి. ఇంగ్లీషులో వీటిని పెయింటెడ్ స్టార్క్ అంటారు. మూడడుగుల ఎత్తు, పసుపుపచ్చని పొడుగాటి ముక్కు, తెల్లని ఒంటిపై నల్లని పట్టీ, తోక దగ్గర గులాబి రంగు ఈకలు. గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చాక వానకాలంలో వెళ్ళిపోతాయి. ఊరివారు వాటిని కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలుగా చూసుకుంటారు. రాళ్ళు రువ్వనివ్వరు, వేటగాళ్ళను రానివ్వరు. అవి వచ్చిన ఏడు ఊరికి మంచి జరుగుతుందని వారి నమ్మకం.

ఈ కొంగలు సైబీరియా నుండి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే. ఏ చెరువులో నీళ్ళున్నవో, ఏ కుంటలో చేపలున్నవో వెదుక్కుంటూ ఒక ప్రాంతం నుండి మరో ప్రాంతానికి తిరుగుతుంటాయి. కనుక అవి మన దగ్గరికి రాకపోతే తప్పు ఎక్కడో మంచు దేశంలో వెదకనక్కరలేదు. మన చెరువు కట్ట మీదికి వెళ్ళి చూస్తే చాలు.

ఈ పక్షి ఆహారం సంపాదించుకొనే తీరు చూడండి. మోకాలి లోతు కూడా లేని నీటిలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్ళలో ఉంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. చెరువు బొత్తిగా ఎండితే దానికి తిండి లేదు. గూటిలో నోళ్ళు తెరుచుకొని ఉన్న రెండు మూడు పిల్లలకూ లేదు. చింతచెట్టు దానికి ఇల్లు మాత్రమే. వంటగది చెరువులో ఉంది.

ఆ వంటగది సంగతే మమ్మును కలవరపెడుతోంది. ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య వానలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనమవుతాయి. అందుకే మన పెద్దలు పడిన ప్రతి చినుకును నిలబెట్టుకొనేందుకు చెరువులు తవ్వించారు. బుక్కపట్నం చెరువు విజయనగర కాలం నాటిది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను రాతిమీద చెక్కి చూపింది. మరి మన కాలంలో? పూడిక తీసేవారు లేక, వంకలు ఆక్రమణలో పోయి, మరువ పారని చెరువులు ఎన్నో. పెన్న, చిత్రావతి ఇసుక లారీల పాలైంది. బోరు మీద బోరు వేసి భూగర్భాన్ని పిండుకొంటున్నాము.

ఒక దూరదేశపు సంగతి మనకు పాఠము చెబుతుంది. జపాను కొండవాగులలో సాలమాండర్ అనే జీవి ఉంది. చూపుకు బల్లి, జాతికి కప్పల బంధువు. ఐదడుగుల దాకా పెరుగుతుంది. 1952లోనే ఆ దేశం దానిని ప్రత్యేక ప్రకృతి సంపదగా ప్రకటించి, పట్టడం, చంపడం నిషేధించింది. అయినా దాని కష్టాలు తీరలేదు. ఎందుకంటే వాగులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు ఎక్కలేక అది గుడ్లు పెట్టే చోటికి చేరలేకపోయింది. తరువాత కొన్నిచోట్ల కట్టల పక్కన దాని కోసం చిన్న మెట్లు కట్టారు. జీవిని చంపకపోవడం ఒకటి, దాని నీటిని దానికి ఉంచడం మరొకటి. మొదటిది వీరాపురం చేసింది. రెండవది ఒక్క వీరాపురం వల్ల కాదు. కొంగలు మేతకు పోయే చెరువులు చుట్టుపక్కల అనేక ఊళ్ళవి, సరిహద్దు దాటి కర్ణాటకలోవి కూడా.

కొంగను గూర్చి చెప్పిన ఆ యిర్మీయాయే 14వ అధ్యాయములో కరువును వర్ణించాడు. నీళ్ళకు వెళ్ళిన పనివారు ఖాళీ కుండలతో సిగ్గుపడి తిరిగి వస్తారు. గడ్డి లేక లేడి తాను ఈనిన పిల్లను విడిచిపోతుంది. మనిషి కుండ ఎండినప్పుడే లేడి పిల్ల కూడా దిక్కులేనిదవుతుందని ప్రవక్త చూశాడు. మన అనంతపురం తల్లులకు ఇది వేరే వివరించనక్కరలేదు.

ప్రియ చదువరులారా, కరువు వచ్చిన ప్రతిసారి మన సంఘాలలో వాన కోసం ఉపవాస ప్రార్థనలు చేస్తాము. చేయవలసినదే. కాని ప్రభువు వాన కురిపించిన మరునాడు చెరువు కట్ట చూడడానికి మనలో ఎంతమందిమి వెళ్ళాము? అడిగినది ఇచ్చిన తరువాత పట్టుకొనే పాత్ర మన దగ్గర లేకపోతే ఆ ప్రార్థన సగమే. ఈ మాట మాకు మేము కూడా చెప్పుకొంటున్నాము.

కనుక ఈ ఎండాకాలంలో ఒక పని చేద్దాము. మీ ఊరి చెరువుకు నీరు తెచ్చే వంక ఎక్కడ పూడిందో యౌవనస్థులు నడిచి చూడండి. పంచాయతీలో పూడిక తీసే మాట వచ్చినప్పుడు సంఘ పెద్దలు ముందు నిలవండి. మందిరపు కప్పు మీద పడే వాన నీటికి ఒక ఇంకుడు గుంత తవ్వండి. పిల్లలకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గూర్చిన ఆజ్ఞ చదివి వినిపించండి. పిల్లలపై కూర్చున్న తల్లిపక్షిని పట్టవద్దన్న దేవుడు ఎంత చిన్న ప్రాణాన్ని లెక్కలో ఉంచుకున్నాడో వారికి తెలుస్తుంది.

కొంగకు తన కాలము తెలుసు. వచ్చే సంక్రాంతికి అది వెదుక్కుంటూ వస్తుంది. దానికి నీళ్ళు ఉంచే కాలము మనదే.